వెలగని ఎర్ర దీపం

ముసలాయన తాళం తిప్పగానే విఠల్ గుండె గుభేలుమంది.

పాత అంబాసిడర్‌లో తాళం తిప్పితే రెండు ఎర్ర దీపాలు వెలగాలి. ఒకటి బ్యాటరీది, ఇంకోటి ఇంజన్ ఆయిల్‌ది. బండి స్టార్టయి ఆయిల్ ఒత్తిడి అందితే ఇంజన్ దగ్గరి స్విచ్చి విడిపోతుంది, ఆ రెండోది ఆరిపోతుంది. ఇప్పుడు అసలు ఒకటే వెలిగింది.

ఎందుకో విఠల్‌కు తెలుసు. నాలుగు రోజుల కిందటే కోరుట్ల మెకానిక్ అక్షయ్ డాష్‌బోర్డు కింద దూరి చూసి చెప్పాడు. "అన్నా, ఆయిల్ లైటు వైరు ఎవరో కోసిండ్రు. టేపు సుట్టి దాసిండ్రు. ఆయిల్ పంపు గూడ పోయేటట్టున్నది. దూరం పోతే ఇంజన్ పట్టేస్తది, మల్ల కదలదు."

ఆ దీపంతో వచ్చిన చిక్కే అది. బండి నడుస్తున్నప్పుడు ఇంజన్ బాగున్నా ఆరే ఉంటుంది, వైరు తెగినా ఆరే ఉంటుంది. తేడా తెలిసేది తాళం తిప్పిన ఆ రెండు క్షణాల్లోనే.

ముసలాయన ఆ రెండు క్షణాలూ డాష్‌బోర్డునే చూశాడు. పేరు భూమయ్య, ఊరు కథలాపూర్. ఫోన్లో అమ్మకం ప్రకటన చూసి వచ్చానన్నాడు.

"మీ నాయిన నడిపిండా గీ బండి?"

"నెల రోజులే కాకా. ముప్పై ఏండ్ల కింద కొన్నడు. సిరిసిల్ల కిరాయి పోతుంటే రుద్రంగి కాడ ఇంజన్ పట్టేసింది. ఆయిల్ సూసుకోని డ్రైవరని అందరు నవ్విండ్రు. ఇంజన్ బాగు చేయించి ఎవరెవరికో కిరాయికిచ్చిండు గని, తను మల్ల స్టీరింగ్ ముట్టలే. జగిత్యాల మార్కెట్ల బస్తాలు మోసి బతికిండు. పోయినేడు పోయిండు."

నవ్విన వాళ్లలో తానూ ఉన్నానని విఠల్ చెప్పలేదు. బడిలో పిల్లలు 'ఆయిల్ సాయన్న కొడుకు' అంటే, ఇంటికొచ్చి తండ్రి మీద ఎగిరేవాడు. మొన్న ఆ టేపు సంగతి తెలిసినప్పుడు కూడా, ఇదీ నాయిన నిర్వాకమే, బండి కిరాయికి తీసుకునేవాళ్లకు తెలియొద్దని కోసి ఉంటాడు అనుకున్నాడు.

భూమయ్య బేరమాడలేదు. అడిగినంతా ఇచ్చి, కాగితాల మీద సంతకం పెట్టి బండి తీసుకుపోయాడు.

విఠల్ కంచం ముందు కూర్చున్నాడు. కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాడు.

"ఏమైంది?" అంది భార్య రజని.

"గా ముసలాయన ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని యాడికన్న పోతే? నడిమిట్ల ఆగిపోతే?"

ఇంత సిగ్గు అతనికి ఎన్నడూ వేయలేదు. కంచం పక్కకు నెట్టి, బైకు తీశాడు.

కథలాపూర్ దాకా పోనక్కర లేకపోయింది. కోరుట్ల దాటగానే అంబాసిడర్ రోడ్డు పక్కన ఆగి ఉంది. అయిపోయింది, పట్టేసింది అనుకున్నాడు.

డ్రైవర్ వైపు తలుపు తెరిచి ఉంది. భూమయ్య నేల మీద మోకాళ్లూని, డాష్‌బోర్డు కింద చేతులు పెట్టి కూర్చున్నాడు. పాత టేపు ముక్క పక్కన పడి ఉంది.

"కాకా, నీ కాళ్లు మొక్కుత. నాకు ముందుగాల్నే ఎరుక. చెప్పకుంట అమ్మిన. నీ పైసలు నువ్వు వాపసు తీస్కో. మా నాయిన చేసిన తప్పే నేనూ చేసిన. గా వైరు ఆయననే కోసిండు."

భూమయ్య తలెత్తలేదు. కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. తెగిన వైరు కొనలు చెరో చేతిలో ఉన్నాయి.

"మీ నాయినను గా మాట అనకు కొడుకా, దీపం ఆరక బండి అమ్ముడువోతలేదని గా వైరు కోసి ఆయనకు అంటగట్టింది నేనే."