ఒకే వరుసలో నాలుగు ప్రశ్నలు

కంపెనీలో ప్రోగ్రాంలు సరిచూసే లూబెన్‌గాడు పదకొండోసారి తిప్పికొట్టాడు.

ఒక్క వాక్యం. బస్సు టికెట్ ధర తేల్చే ప్రోగ్రాంలో క్రుమ్ రాసిన ఒకే ఒక్క వాక్యం. పిల్లాడా? ఉచితం. కాకుంటే పింఛనుదారా? సగం. కాకుంటే విద్యార్థా? కాకుంటే సైనికుడా? ప్రశ్న గుర్తులూ కోలన్లూ గొలుసులా అల్లి, నాలుగు ప్రశ్నలనీ ఒకే వరుసలో ఇరికించాడు. తప్పు లేకుండా పని చేస్తోంది. ఇంకేం కావాలి?

"ఒక్కో ప్రశ్న ఒక్కో వరుసలో రాయన్నా. ఇలా ఉంటే వినలేకపోతున్నా." ఫోన్లో లూబెన్‌ది మళ్లీ పాత పాటే.

"వినడానికిదేమన్నా పెళ్లి పాటా?" అని క్రుమ్ ఫోన్ పెట్టేశాడు.

పదో తరగతిలో బడి మానేసి, ఇరవై ఏళ్లు లేత్ మిషన్ దగ్గర నిలబడి, నలభై ఆరో ఏట సొంతంగా నేర్చుకున్న పని ఇది. శుక్రవారంలోగా లూబెన్ ఒప్పుకోకపోతే ఉద్యోగం ఊడుతుంది. యూనివర్సిటీ చదువు చదివిన కుర్రకుంక, ముఖమైనా ఎరగనివాడు, నోటి దగ్గర కూడు లాగేస్తున్నాడు!

గురువారం పొద్దున్నే తన ఊరు ప్లోవ్‌దివ్‌లో బస్సెక్కాడు. రూసేలో దిగి, బానిత్స రొట్టె ముక్కయినా కొనుక్కు తినకుండా నేరుగా కంపెనీ ఆఫీసుకెళ్లాడు.

"ఎడమ చేతి గది. లోపలికెళ్లగానే మీ పేరు చెప్పండి," అంది గుమ్మం దగ్గర కూర్చున్న రోసిత్స.

"చెప్తానమ్మా. జన్మలో మరిచిపోకుండా చెప్తాను!"

లూబెన్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కంప్యూటర్ తెర ఆర్పేసి ఉంది. క్రుమ్‌కి ఒళ్లు మండిపోయింది. నా పనిని తిప్పికొట్టేది ఇలాగా, పాటలు వింటూ!

బొటనవేలంత అక్షరాల్లో అచ్చు తీసి తెచ్చిన వాక్యాన్ని బల్ల మీద ఛెళ్లున కొట్టాడు.

"ఇదిగో! ఎక్కడుందిరా తప్పు? చూపించు!"

లూబెన్ కాగితం వైపు తలైనా తిప్పలేదు.

"క్రుమ్ అన్నా? ఇంత దూరం వచ్చావా! కూర్చో, కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. మనిషి ముఖం చూసి మాట్లాడవేంరా, అంత పొగరా?"

లూబెన్ ఒక ఇయర్‌ఫోన్ తీసి ముందుకు చాచాడు. "ఒక్కసారి విను. నీ వాక్యమే."

కంప్యూటర్ గొంతు ఊపిరి తీసుకోకుండా చదువుకుపోతోంది: ప్రశ్న గుర్తు, సున్నా, కోలన్, ప్రశ్న గుర్తు, సగం, కోలన్, ప్రశ్న గుర్తు... మూడో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి, సగం ధర ఎవరికన్నది, దాన్ని రాసిన క్రుమ్‌కే అంతుపట్టలేదు. దాంతో ఇంకా మండింది.

"ఏంటీ రొద? ఎదురుగా కాగితం పెట్టాను కదా, కళ్లు పెట్టి చదివి చావు!"

లూబెన్ చిన్నగా నవ్వి, బల్ల అంచు తడుముతూ లేచి, గోడకానించిన తెల్లకర్ర అందుకున్నాడు.