కాచిన డప్పు

2006లో ఒక రాత్రి బర్ దుబాయ్‌లోని జాజ్ క్లబ్బు కిక్కిరిసిపోయింది. ఒంటరిగా, ఒకే ఒక్క డప్పుతో హాలంతా ఊపేసిన బ్రెజిల్ కళాకారుడు విరామంలో దాన్ని వెయిటర్ మీరావలి చేతిలో పెట్టాడు. ఏసీ చల్లదనానికి తోలు వదులైంది. కడపలో పీర్ల గుండం దగ్గర కాచినట్టే మీరావలి దాన్ని వంటగదిలో పొయ్యి సెగకు పట్టాడు.

అంతలో హాల్లో దరువు మొదలైంది. ఈలలకు అల్మారాలో గిన్నెలు అదిరాయి.

"ఏం వాయిస్తాండాడు బ్బా! కాళ్లు నిలవడంల్యా!" అంటూ వంటమనిషి అయూబ్ గరిటెతో ఎగిరాడు.

"అచ్చం మనూరి పీర్ల పండగే భాయ్!" అంటూ మీరావలి కూడా చిందేశాడు.

వెనక తలుపు తీసుకుని బ్రెజిల్ అతను లోపలికొచ్చాడు. వాయించేదెవరని హుషారుగా అడుగుతూ డప్పు కోసం చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

మీరావలి కిందికి చూశాడు. హాల్లో పడే ప్రతి దెబ్బకూ తన చేతిలోని తోలు లోపలికి దిగి లేస్తోంది.

దరువు ఆగింది. తోలూ ఆగింది.

"వన్స్ మోర్!" అని హాలంతా అరిచింది.

ఈసారి తోలు మీద ముందుగా ఐదు వేళ్లు దిగాయి. దెబ్బ ఆ తర్వాత వినబడింది.