రెండు చప్పుళ్ళు

"ఇంకా తిప్పండమ్మా, ఎడమకి, పూర్తిగా!" అని కేకేశాడు చెవుల మేస్త్రీ, తెరిచిన బానెట్ మీదికి వంగి.

డ్రైవర్ సీట్లో కూర్చున్న కోడలు స్టీరింగుని కొసదాకా తిప్పింది. పాత కారు కీచుమని ఒక్క అరుపు అరిచింది. షెడ్డు గోడవారగా బల్ల మీదున్న అత్తగారు చటుక్కున లేచి నిలబడింది.

"కూర్చోండి పెద్దమ్మా, అదేం పేలదులే" అని నవ్వాడు మేస్త్రీ.

ఆవిడ కూర్చోలేదు. చప్పుడు పూర్తిగా ఆగాకే, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని మెల్లగా కూలబడింది.

అత్తగారు, కొడుకు, కోడలు ముగ్గురూ ఆస్పత్రి నుంచి ఇంటికెళ్తూ దారిలో ఆగారు. "అమ్మ బాత్రూంలో జారిపడింది మేస్త్రీగారూ, ఎంత చెప్పినా జాగ్రత్తగా ఉండదు" అని ఆవిడ కొడుకే చెప్పాడు. నలగని చొక్కా, మెత్తటి మాట. అరిగిపోయిన బండి తెచ్చి మేస్త్రీ మీదే అరిచేవాళ్ళను చూసి చూసి విసిగిపోయిన మనిషికి, ఆ 'గారు' అన్న పిలుపు చాలు. ఇట్టే నచ్చేశాడు. ఇప్పుడు గేటు దగ్గర అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

చెవుల మేస్త్రీకి ఆ పేరు ఊరికే రాలేదు. ఏ బండయినా ఒక్కసారి వింటే జబ్బేమిటో చెప్పేస్తాడు. బండి మూలుగు పూటంతా వినమన్నా వింటాడు గానీ, మనుషుల మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక మాత్రం ఆయనకు పుట్టుకతోనే లేదు.

"ఈ కీచు ఎన్నాళ్ళ నుంచి?"

"చాలా నెలలైంది. మా వీధి మలుపు తిరగ్గానే మొదలవుతుంది. వంటింట్లోకి వినిపిస్తుంది" అంది కోడలు.

"నడిపేవాడికన్నా వంట చేసే మీకే బాగా వినబడుతోందన్నమాట! నా దగ్గర పనికి చేరిపోండి."

ఆమె నవ్వలేదు. మేస్త్రీ ఇంజను ఆపించి, కారు కింద గుంతలోకి దిగాడు. ముందు చక్రం పక్కనున్న కీలు మీద అరచెయ్యి ఆనించి, "ఇప్పుడు అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఊపండి" అన్నాడు.

టక్. మళ్ళీ టక్. అరచేతికి ఆ దెబ్బ తగలగానే మేస్త్రీ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. పైకొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇందులో రెండు చప్పుళ్ళున్నాయి. పైన కీచుమనేది బెల్టు. వదులై జారుతోంది, చెవులకు చిరాకు తప్ప దానివల్ల ఏ నష్టమూ లేదు. కింద టక్కుమనేది అలాంటిది కాదు. స్టీరింగుని చక్రానికి కలిపే కీలు అరిగిపోయింది. ఏ మలుపులోనో ఊడిందంటే మనం ఒకవైపు తిప్పితే చక్రం ఇంకోవైపు పోతుంది. లోపలున్న మనిషి మిగలడు."

కోడలు కారు దిగింది. గేటు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"రెండూ బాగుచేయకండి. ఒకటి వదిలేయండి."

మేస్త్రీ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఏంటమ్మా మీరంటున్నది?"

"మీకు దండం పెడతాను. ఆయనకి మాత్రం చెప్పకండి. నేననేది ఆ..."

"మీరనేది నాకర్థమైంది!" మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. "కట్టుకున్నవాడమ్మా! కన్నతల్లి ఎదురుగా ఉండగానే అడుగుతారా ఈ మాట? నా చేతికి మసి అంటుకుంది గానీ నెత్తురు అంటుకోలేదు."

"అయ్యో, అది కాదండీ..."

"ఇంకొక్క మాట మాట్లాడితే ఇప్పుడే ఆయన్ని పిలుస్తాను."

ఆమె మొహం పాలిపోయింది. వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. ఆవిడ బాగున్న చేత్తో కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాపం, ఈ ముసలావిడ ఎలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుందో అనుకున్నాడు మేస్త్రీ.

ఆ కోపమంతా పనిలో పెట్టాడు. కీలు మార్చాడు. బెల్టు కొత్తది వేసి బిగించాడు. ఎక్కడా వంక లేకుండా చూసుకుని, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని వీధులన్నీ తిప్పాడు. ఎంత మెలికల సందులోనూ కారు కిక్కురుమనలేదు.

"అద్భుతం మేస్త్రీగారూ! గుమ్మం ముందుకొచ్చి ఆగినా ఎవరికీ తెలియదు" అన్నాడు కొడుకు, మురిసిపోతూ.

అంత మంచివాడితో చెప్పకపోతే పాపమనిపించింది. షెడ్డు బయటే కారాపి మొత్తం చెప్పేశాడు. ఒకటి వదిలేయమన్నదీ, దండం పెడతానన్నదీ, భర్తకు తెలియకూడదన్నదీ, అన్నీ.

కొడుకు మధ్యలో ఒక్క మాటైనా అడ్డు రాలేదు. అంతా విని, మేస్త్రీ భుజం మీద చెయ్యి వేశాడు.

"చాలా మంచిపని చేశారు. నేను ఇంటికెళ్ళి మాట్లాడతాను."

ఒక ప్రాణం నిలబెట్టానన్న తృప్తితో మేస్త్రీ గుండె నిండిపోయింది. కొడుకు స్టీరింగు ముందుకు జరిగాడు. కోడలు తల వంచుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుంది. అత్తగారిని మేస్త్రీయే నడిపించుకొచ్చి వెనక తలుపు తీశాడు.

"ఇక బెంగ పెట్టుకోకండి పెద్దమ్మా. మీ అబ్బాయికి ఏ భయమూ లేదు."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి సంతోషంతో వచ్చినవేననుకున్నాడు మేస్త్రీ. కొడుకు ఇంజను స్టార్ట్ చేసి స్టీరింగు పూర్తిగా ఎడమకు తిప్పాడు. ఏ చప్పుడూ రాలేదు. ఆవిడ మేస్త్రీ చెవి దగ్గరికి వంగింది.

"చప్పుడు రాకపోతే మేమెప్పుడు దాక్కోవాలి నాయనా?"