అద్దం మాస్టారు చేసిన తప్పు

రెండు చొక్కాలు, రెండు ప్యాంట్లు, తువ్వాలు, సబ్బుపెట్టె. సంచీలో పెట్టినవన్నీ ముసలావిడ బయటికి తీసి మళ్ళీ మడతపెట్టింది. ఇది మూడోసారి.

"పోయేది రెండ్రోజులకే. అది సంచీనా, కాపురమా?" అన్నాడు మొగుడు, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ.

"పోయేది అనకండి. ముందు ఆ చెప్పులు చూసుకోండి. ఎడమది కుడికాలికి తొడిగారు."

చూసుకున్నాడు. నిజమే.

టంకశాలలో ఆయన్ని అద్దం మాస్టారు అంటారు. నాణేల అచ్చులు చెక్కడం ఆయన పని. అచ్చులో బొమ్మను తిరగేసి చెక్కితేనే నాణెం మీద సరిగ్గా పడుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా అన్నీ తిరగేసి చెక్కీ చెక్కీ, పేపరును అద్దంలో చూపించినా గడగడా చదివేస్తాడు. ఇంట్లో కుడి ఎడమలు మాత్రం ఇప్పటికీ తడబాటే.

అలాంటి మనిషిని పెద్దాఫీసువాళ్ళు సంజాయిషీకి రమ్మన్నారు.

నౌకాదళానికి వందేళ్ళు నిండాయని వెండి నాణెం వేస్తున్నారు. ఒక పక్క లైట్‌హౌస్, దాని ముందు యుద్ధంలో పేరుకెక్కిన ఓడ. ఓడ రేవు విడిచి సముద్రం మీదికి సాగుతున్నట్టు ఉండాలి. ఆ పని ఆయన అడిగి మరీ తీసుకున్నాడు. రెండు వేల నాణేలు తయారయ్యాక ఎవరో గమనించారు. అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. లైట్‌హౌస్ ఉండాల్సిన చోటే ఉంది. ఓడ ఒక్కటే వెనక్కి తిరిగి, రేవువైపు వస్తోంది.

ఫోర్‌మన్ రైలు టిక్కెట్లు పట్టుకుని వచ్చాడు. ఈ ఊరికి బదిలీ అయి వచ్చి రెండేళ్ళే అయినా అతనికి మాస్టారంటే ప్రాణం. తోడుగా తనూ బయల్దేరాడు.

"మాస్టారూ, చెప్పింది వినండి. కళ్ళు మసకబారాయని ఒక్క ముక్క రాసిచ్చేయండి. డాక్టరు కాగితం నేను పుట్టిస్తాను. నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషిని ఎవరూ ఏమీ అనరు."

"నా కళ్ళకేం? దివ్యంగా ఉన్నాయి. నీ జేబులో పెన్ను మూత ఊడింది, చూసుకో. చొక్కా పాడవుతుంది."

ఫోర్‌మన్ గబుక్కున జేబు పట్టుకున్నాడు. "మరి అంత కళ్ళుండీ ఎలా పొరబడ్డారండీ? ఇన్నేళ్ళలో వెంట్రుకంత తేడా రానివ్వలేదే!"

మాస్టారు వంగి చెప్పులు మార్చి తొడుక్కున్నాడు.

"మీరైనా చెప్పండి పిన్నిగారూ! పెద్దాయన మొండికేస్తే పేరు చెడుతుంది."

"ఆ నాణేలని ఏం చేస్తారు బాబూ?" అంది ఆవిడ, అడిగినదానికి జవాబు చెప్పకుండా.

"ఏం చేస్తారు, కరిగించేస్తారు. ఓడని మళ్ళీ అటు తిప్పి కొత్త అచ్చు చెక్కిస్తారు."

తువ్వాలు మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి. "ఎటు?"

"ఇంకెటు? సముద్రంలోకి."

"ఒక్కటైనా ఉంచరా?"

"ఒక్కటి మిగిలినా పరువుపోతుందట పిన్నిగారూ." అతను గడియారం చూసుకున్నాడు. "నేను బండి మాట్లాడుకొస్తాను. మీరు త్వరగా తెమలండి."

అతను మెట్లు దిగేదాకా ఆగి, ఆవిడ సంచీ పక్కనే కూలబడింది.

"ఏవండీ, ఆ కాగితం నేనే తిప్పాను."

అచ్చు మీద లైట్‌హౌస్, అక్షరాలు అప్పటికే అయిపోయాయి. ఓడ ఒక్కటే మిగిలింది. దాని బొమ్మ రెండువైపులా కనిపించే పల్చటి కాగితాన్ని ఆయన ఇంటికి తెచ్చుకుని బల్ల మీద సరిచూసుకుంటున్నాడు. మొహం కడుక్కుందామని లేచాడు. ఆ కాస్త సందులో ఆవిడ వంటింట్లోంచి వచ్చి కాగితాన్ని బోర్లించింది. ఎందుకు చేసిందో ఆవిడకే తెలియదు. చెయ్యి దానంతట అదే చేసినట్టు చేసింది.

"తెలుసు," అన్నాడాయన.

"చూశారా?"

"నీ వేలి తడి కాగితం మూలకి అంటుకుంది. వచ్చి కూర్చోగానే చూశాను."

"చూసి కూడా అలాగే చెక్కారా?"

"పదకొండు రోజులు చెక్కాను. రోజూ పొద్దున్నే సరిచేద్దామనే కూర్చునేవాణ్ణి." చెప్పుల వైపు చూస్తూ అన్నాడు. "చెయ్యి రాలేదే."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ ఇంట్లో సంచీ సర్దడం ఆవిడకి అచ్చిరాదు. ఆ మాట పైకి అనదు. అనకుండా ఉండడానికే మూడుసార్లు సర్దుతుంది.

"ఉన్నదున్నట్టు చెప్పేయండి. మా ఆవిడ తిప్పిందని చెప్పండి."

"నోర్మూసుకో. ముప్పై ఎనిమిదేళ్ళకి ఒక తప్పు చేశాను. అది నాది. అందులో నీకు వాటా ఇవ్వను."

ఆయన చొక్కా జేబులోంచి ఏదో తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. బూడిదరంగు బిళ్ళ.

"వెండి మీద కొట్టేముందు మెత్తటి సీసం మీద ఓసారి అచ్చుకొట్టి చూస్తాం. పనయ్యాక చెత్తబుట్టలో పారేస్తారు. దీన్ని ఎవరూ అడగరు."

ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. చిన్న ఓడ. పొగగొట్టం, జెండా, డెక్కు మీద చుక్కల్లా మనుషులు. అందరూ లైట్‌హౌస్ వైపే వస్తున్నారు. ఆవిడ బొటనవేలితో ఆ చుక్కల్ని ఒక్కొక్కటే తడిమింది.

కింద బండి హారన్ మోగింది.

ఆయన సంచీ భుజాన వేసుకున్నాడు. "వెళ్తా..." అనబోయి, ఆవిడ మొహం చూసి ఆగాడు.

"వెళ్ళొస్తాను," అన్నాడు.

పదహారేళ్ళ కిందట, యుద్ధం మొదలైన ఆరో రోజున, ఒక గురువారం ఉదయం, ఇదే గుమ్మంలో నిలబడి "వెళ్తానమ్మా" అని మాత్రమే అని ఆ ఓడెక్కిన వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు తిరిగి రాలేదు.