పుచ్చని చెట్టు

ఆంటియోకియా కొండల్లో వరద కలప కోతమిల్లును ఎత్తుకుపోయిన ఏడాది అది. గట్టుమీద మిగిలిన ఒక్క నల్లగుండె చెట్టును, లోపలి చేవ నల్లగా ఉండే ఆ మానును, ముసలి ఎలియేసెర్ నరికేశాడు. విత్తనానికని ఊరంతా కాచుకున్న చెట్టు. లోపల పుచ్చితే తప్ప గొడ్డలి పెట్టకూడదని కట్టడి. నరికేముందు అతను గొడ్డలి వీపుతో తట్టి చూశాడు. మాను గట్టిగా ఖంగుమంది. ఇంటికి దూలాలు కావాలి కదా, పుచ్చిందనే చెప్పాడు.

"పుచ్చింది చెట్టా, నీ చెవులా, ముసలోడా!" అంది భార్య ఓటీలియా. ఆ విత్తనాల కోసం ఆమె కట్టిన మడులు పెరట్లో ఖాళీగా ఉన్నాయి.

ఆ రాత్రి దుంగలకు కాపలాగా ఒక్కడే మొద్దు పక్కన పడుకున్నాడు. మబ్బు కిందికి దిగింది. రాత్రుళ్ళు విచ్చుకునే ఆ చెట్టు తెల్లపూల కోసం వచ్చే పెంకుపురుగుల రొద వినిపించింది. అయితే ఆ రొద నేలమీది కొమ్మల దగ్గర లేదు. ఇరవై మూరల ఎత్తున, నిన్నటిదాకా కొమ్మలున్న చోట, ఖాళీ గాలిలో తిరుగుతోంది. ఉన్నట్టుండి, పువ్వులోకి దూరినట్టు ఆగిపోయింది.

లాంతరు ఎత్తి చూస్తే మబ్బు తప్ప ఏమీ లేదు. అతని చేతిమీద ఒక తెల్లరేకు రాలింది. అది వెచ్చగా ఉంది.

పొద్దున్నే ఓటీలియా బెల్లం నీళ్ళు అందించబోతే అతను చెయ్యి చాపలేదు.

"అది పుచ్చలేదే," అన్నాడు, నేల చూస్తూ.