గుర్తుపట్టిందోచ్!

“నా పెన్‌డ్రైవ్ ఏదండీ?”

“నా సిస్టమ్‌కి పెట్టాను. గుర్తుపట్టిందోచ్!” భర్త ముఖం చేటంత అయింది. సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తానని రెండేళ్లుగా గది వదలని మనిషి.

“అబ్బో! బజార్లో కొన్న ప్రతి కంప్యూటరూ పుట్టుకతోనే చేసే పని!” అందామె. “అందులో మా అమ్మ పాటలున్నాయి. సగం మీ సుపుత్రుడు చెరిపేసి సినిమాలు ఎక్కించాడు. మిగతా సగం మీరు కానిచ్చారా?”

“లేదే. నాది ఉన్నవి చదువుతుందంతే. కొత్తవి ఎక్కించడం, పాతవి చెరపడం దానికింకా చేతకాదు,” అన్నాడతను తల గోక్కుంటూ.

వెక్కిరించబోయిన ఆమె ఆగిపోయింది.

భోజనాల దగ్గర కొడుకు అడిగాడు. “అమ్మా, పెన్‌డ్రైవ్ ఇవ్వవా?”

“ఇవ్వను. ఇకనుంచి అది మీ నాన్న డొక్కు పెట్టెకే,” అందామె కూర వడ్డిస్తూ. “ఈ ఇంట్లో దేన్నీ పాడుచేయడం చేతకానిది అదొక్కటే. ఏమండీ, దానికి ఆ మిగతా విద్య మాత్రం నేర్పకండి.”