వంకర రెక్క

"ఛీ! ఇదీ అదే!" అంటూ డ్రాయింగు మాస్టారు చేతిలోని సీతాకోకచిలుకని బల్ల మీదికి విసిరేశాడు.

స్టాఫ్ రూములో పొడుగు బల్ల నిండా సీతాకోకచిలుకలే. ఐదో తరగతి పిల్లలు పోటీ కోసం ఇంటి దగ్గర కాగితంతో చేసి తెచ్చినవి. రంగులు వేరు, అంతే. రెక్కలు అవే, మీసాలు అవే, రెక్కల మీద చిల్లులు కూడా అవే. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. తళుకు అట్టల నుంచి రాలిన పొడి ఆయన వేళ్లకి అంటుకుంది, కళ్లజోడుకి అంటుకుంది, ఆఖరికి టీలో కూడా తేలుతోంది. గ్లాసు పక్కకి నెట్టేసి, జేబురుమాలుతో వేళ్లు గట్టిగా తుడుచుకున్నాడు. తళుకు పోలేదు.

హెడ్మిస్ట్రెస్ లోపలికి వచ్చింది. వెనకే పళ్ల డాక్టరమ్మ. ఆవిడ కొడుకుదీ అదే క్లాసు.

"అబ్బ, ఎంత నీటుగా ఉన్నాయో! మొదటి బహుమతి ఎవరికి మాస్టారూ?" అంది హెడ్మిస్ట్రెస్. "కొత్త భవనం గుమ్మం పైన ఆ బొమ్మనే పెద్దది చేసి వేయించాలి. పెయింటరు బయటే కూర్చున్నాడు."

"నచ్చిన బొమ్మ ఏదైనా చేత్తో చేసి తెమ్మన్నాను మేడం. ఇవి ఎవరు చేశారు?"

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "మావాడిది మిషన్ మీద చేయించానండీ. ఇంట్లోకి కటింగ్ మిషన్ కొన్నాం. ఫోన్లో బొమ్మ ఎంచుకుంటే చాలు, లోపలున్న చిన్న బ్లేడు తనే కోసిచ్చేస్తుంది, పెన్సిల్ పెడితే గీతలూ గీసేస్తుంది. ఇప్పుడు అందరిళ్లలోనూ ఉందిగా! కొత్తవాళ్ల కోసం సులువైన బొమ్మలు పది ఇస్తారు. మొదటిది సీతాకోకచిలుక."

"మరి మీవాడేం చేశాడమ్మా?"

"బటన్ నొక్కాడండీ."

"అంటే రెండో బొమ్మ దాకా వెళ్లే ఓపిక కూడా ఒక్కరికీ లేకపోయిందన్నమాట!"

ఆయన చీదరగా ఆ కుప్పని రెండు చేతులతో అవతలికి తోశాడు. అప్పుడు కనిపించింది, అన్నిటికీ అడుగున, తళుకూ గిళుకూ లేని మామూలు నీలం కాగితం. ఎడమ రెక్క కుడిదానికంటే చిన్నది. అంచున ఒకచోట కత్తెర జారి నొక్కు పడింది. సగం చెరిపిన పెన్సిల్ గీత ఇంకా కనిపిస్తూనే ఉంది. తిప్పి వెనక పేరు చూశాడు. పిచ్చుకది! బక్కగా, మాటా పలుకూ లేకుండా ఆఖరి బెంచీలో కూర్చుంటుందని పిల్లలంతా ఆ పిల్లని అలాగే పిలుస్తారు.

"మొదటి బహుమతి దీనికి," అన్నాడు మాస్టారు.

"దీనికా? ఎలుక కొరికినట్టుంది!" హెడ్మిస్ట్రెస్ మొహం చిట్లించింది. "దీన్ని గుమ్మం పైన పెడితే వచ్చేపోయేవాళ్లు నవ్వరూ?"

"నవ్వనివ్వండి. ఈ బల్ల మీద మనిషి చేసింది ఇదొక్కటే. మిగతావి చూస్తుంటే రోత పుడుతోంది."

"రోతేంటండీ, మరీనూ! పన్నెండు వందలమంది చదివే బడి ఇది. మీ పంతానికి పరువు తీసుకోమంటారా?"

మాస్టారు బల్ల మీదున్న తెల్లకాగితం లాక్కుని రెండు వరుసలు రాసి, సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చాడు. చదివి ఆవిడ గతుక్కుమంది.

"కాగితం ముక్క కోసం ఉద్యోగం మానేస్తారా?"

"ఇరవై ఆరేళ్లుగా పిల్లల చెయ్యి పట్టుకుని గీత గీయించానండీ. బటన్లకి మార్కులేసే పని మాత్రం నావల్ల కాదు. ఈ నీలం బొమ్మ గోడ మీద ఉంటేనే నేను ఈ బడిలో ఉంటాను."

డాక్టరమ్మ నెమ్మదిగా బయటికి జారుకుంది. హెడ్మిస్ట్రెస్ కాసేపు ఆయన వంక, కాసేపు ఆ నీలం కాగితం వంక చూసింది. తర్వాత రాజీనామాని మడిచి డ్రాయరులో పెట్టింది.

"కానివ్వండి. తల్లిదండ్రులు మీద పడితే మాత్రం జవాబు మీరే చెప్పుకోవాలి. ఈ కాగితం నా దగ్గరే ఉంటుంది."

ఆఖరి పీరియడులో మాస్టారు క్లాసుకి వెళ్లి ఆ సీతాకోకచిలుకని అందరికీ ఎత్తి చూపించాడు.

"చూశారా, ఇక్కడ కత్తెర జారింది. ఇక్కడ చెయ్యి వణికింది. అయినా ఆపలేదు, సిగ్గుపడలేదు. లక్షలు పోసి కొన్నా ఏ మిషనూ ఇలా వణకలేదు!"

పిల్లలు మొహాలు చూసుకున్నారు. పిచ్చుక తల దించుకుని కూర్చుంది.

బెల్లు కొట్టి అందరూ వెళ్లిపోయాక ఆయన ఆ పిల్లని దగ్గరికి పిలిచాడు. పొద్దుటినుంచీ లోపల పేరుకుపోయిన కంపరం ఆ చిన్న మొహం చూడగానే కడిగేసినట్టు పోయింది.

"నాకోసం ఇలాంటిది ఇంకొకటి చేసిస్తావా తల్లీ? ఇంట్లో దాచుకుంటాను."

పిచ్చుక మొహం విప్పారింది. గబగబా బ్యాగు తెరిచి, నోటుపుస్తకంలోంచి నాలుగు నీలం సీతాకోకచిలుకలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. నాలుగింటికీ ఎడమ రెక్క చిన్నది. నాలుగింటికీ అంచున అదే చోట అదే నొక్కు. నాలుగింటి మీదా సగం చెరిపినట్టున్న అదే పెన్సిల్ గీత.

"మిషన్లో 'చేత్తో చేసినట్టు' అని ఒక బటన్ ఉంటుంది సార్, అమ్మ అది నొక్కింది. ఇంకా ఎన్ని కావాలి?"